గీత అంటే ఏ గీత: తప్పిన వెబ్ చిరునామాల వెంట నా ఉద్యోగం

నరసరావుపేటలో ఒక ఇంటర్నెట్ సేవల కార్యాలయంలో ఇంజనీరుగా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కేబుళ్ళు వేయించాను, యంత్రాలు బిగించాను. ఆ పనుల గురించి చెప్పగలవారు నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. నా బల్ల దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో అత్యధిక భాగం ఒకే వాక్యం: "సైటు ఓపెన్ కావట్లేదు." ఆ వాక్యం వెనక ఏం జరిగిందో కనుక్కోవడమే నేను నిజంగా చేసిన ఉద్యోగం. మనుషులు ఒక చిరునామా అనుకుంటారు, ఇంకొకటి పలుకుతారు, అవతలివారు మరొకటి వింటారు, వేళ్ళు వేరొకటి కొడతాయి. ఆ నాలుగింటిలో ఏది ఎక్కడ జారిందో పట్టుకోవాలి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, నివేదికలు వదిలేస్తున్నాను; అవి ఎక్కడైనా ఒకటే. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో జరిగిన ఒక రోజు సంగతి చెబుతాను. నాకు పని నేర్పినవారి మాటలు ఆ రోజుకు అవసరమైనంత వరకే మధ్యలో వస్తాయి. మనుషుల పేర్లు, ఆసుపత్రి పేరు మార్చాను. అక్షరాల చిక్కు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను. ఆ చిరునామాలో చుక్క తర్వాతి భాగాన్ని కావాలనే రాయడం లేదు.

రెంటచింతల నుంచి వచ్చిన ఇద్దరు

వేసవిలో ఒక మధ్యాహ్నం ఇన్నారెడ్డి అనే మిర్చి రైతు, ఆయన కూతురు లూర్దుమేరి మా కార్యాలయానికి వచ్చారు. మా టెక్నీషియన్ మస్తాన్ వలి ఏసీ పనిచేయడం లేదని క్షమాపణగా చెప్పాడు.

"మాది రెంటచింతల తమ్ముడా," అన్నాడు ఇన్నారెడ్డి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఇక్కడ చల్లగానే ఉందిలే."

లూర్దు నర్సింగు చదువు పూర్తిచేసింది. పక్క జిల్లాలో 'నిశ్చింత' అనే ఆసుపత్రిలో ఇంటర్వ్యూకు వెళ్ళి ఎంపికైంది. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేసి ఒక వెబ్ చిరునామా చెప్పింది. అందులోకి వెళ్ళి ఉద్యోగంలో చేరడానికి సమ్మతి తెలిపి, సర్టిఫికెట్లు జతచేయాలి. మర్నాడు ఆఫీసు మూసేలోపు అది అందకపోతే వరుసలో తర్వాత ఉన్న అమ్మాయిని పిలుస్తారు. ఆ మర్నాడే వాళ్ళు నా ముందు కూర్చున్న రోజు.

రెంటచింతలలో నెట్ సెంటరు అతను కొట్టి చూసి "సర్వర్ డౌన్" అన్నాడు. బస్సెక్కి మాచర్ల వెళ్ళారు. అక్కడ కూడా "సర్వర్ డౌన్, రేపు రండి" అన్నారు. అక్కడి నుంచి మళ్ళీ బస్సులో మా దగ్గరికి.

"రేపు రమ్మంటాడేంది మేడం?" అన్నాడు ఇన్నారెడ్డి. "రేపటికి నా పిల్ల ఉద్యోగం ఇంకోళ్ళ పిల్ల ఉద్యోగం అవుద్ది. ఆ సర్వరేదో మీరు లేపండి. ఎవురికన్నా ఫోన్ చెయ్యాలంటే చెప్పండి, మండలంలో మనోళ్ళున్నారు."

లూర్దు సర్టిఫికెట్ల కవరు ఒడిలో పెట్టుకుని, గోడమీది గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోందని తెలుస్తూనే ఉంది.

'సర్వర్ డౌన్' అనే అబద్ధం

నా మొదటి పై అధికారి సాంబశివరావు గారిది పెదకూరపాడు. మాట కటువు, చూపు నిశితం. మా విభాగంలో ఆయన ఒక మాటను నిషేధించారు. అది 'సర్వర్ డౌన్.'

"డౌన్ అని నీకెట్టా తెలుసు? యాడ చూశావు? పోయి తట్టి వచ్చావా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు సమాధానం లేకుండా ఆయన ముందు నిలబడటం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

ఒక చిరునామా తెరుచుకోకపోవడం మూడు రకాలు. గురజాల వెళ్ళి ఒకరి ఇల్లు వెతుకుతున్నారనుకోండి. వీధి మొదట్లో అడిగితే "ఆ పేరుగల మనిషి ఈ ఊళ్ళోనే లేడు" అన్నారు. ఇది మొదటి రకం: పేరే లేదు. రెండవది, ఇల్లు చూపించారు, తలుపు తట్టినా ఎవరూ పలకలేదు: పేరు ఉంది, యంత్రం జవాబివ్వడం లేదు. మూడవది, మనిషి తలుపు తీసి "మీరడిగిన వస్తువు మా ఇంట్లో లేదు" అన్నాడు: యంత్రం పలికింది, పేజీ లేదు. సర్వర్ డౌన్ అనే మాట రెండవ రకంలో కొన్నింటికి మాత్రమే వర్తిస్తుంది. తక్కిన రెంటికీ ఆ మాట వాడటం అజ్ఞానమో, బద్ధకమో అవుతుంది. బ్రౌజరు చూపించే ఇంగ్లీషు వాక్యం చివరంటా చదివితే ఈ మూడింటిలో ఏదో అందులోనే ఉంటుంది. ఎవరూ చదవరు.

సాంబశివరావు గారి తర్వాత వచ్చిన అధికారికి ఆ మాటంటే మహా ప్రీతి. ఫిర్యాదు ఎంత త్వరగా మూస్తే విభాగం అంత బాగా పనిచేస్తున్నట్టు ఆయన లెక్క. సర్వర్ డౌన్ అనగానే ఫిర్యాదు మూతపడుతుంది, వచ్చినవాడు వెళ్ళిపోతాడు, తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. ఆయన దుర్మార్గుడు కాదు. ఫిర్యాదుకూ మనిషికీ తేడా ఉందని ఆయన ఎన్నడూ ఆలోచించలేదు, అంతే. ఆ ఇద్దరి కిందా పనిచేసినదాన్ని కనుక నిష్కర్షగా చెప్పగలను: మొదటివారి దగ్గర తిట్లు తిన్నవాళ్ళందరం పని నేర్చుకున్నాం, రెండవవారి దగ్గర మెప్పు పొందినవాళ్ళకు ఏమీ మిగల్లేదు.

ఇంకొక పరీక్ష కూడా గుర్తుంచుకోండి. ఒక్క పేరు దొరకకపోతే పేరును అనుమానించండి. ఏ పేరూ దొరకకపోతే మీరు అడుగుతున్నవాడిని అనుమానించండి. మాచర్లలో ఒకప్పుడు ఒక దుకాణంలో ఏ సైటూ తెరుచుకోలేదు. పేర్లకు అంకెల చిరునామాలు చెప్పే యంత్రం ఒకటి ఉంటుంది. ఆ దుకాణం రౌటరులో దాని అంకెల్లోనే ఒకటి తప్పు పడింది. పేర్లన్నీ సరైనవే, అడిగిన గుమ్మం తప్పు.

లూర్దు తెచ్చిన చిరునామాను మా యంత్రం నుంచి ప్రశ్నించాను. జవాబు వెంటనే, స్పష్టంగా వచ్చింది: అటువంటి పేరు లేదు. తక్కిన సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి. అంటే ఇది మొదటి రకం.

"సర్వర్ పడిపోలేదు," అన్నాను. "అసలు సర్వర్ దాకా మనం వెళ్ళనే లేదు. తప్పు పేరు పెట్టి పిలుస్తున్నాం."

"అంటే తప్పు మా పిల్లదా?"

"చెప్పిన నోటికీ, విన్న చెవికీ, కొట్టిన వేలికీ మధ్య ఎక్కడో ఉంది. వెతుకుదాం."

చింతకు హెచ్ ఉందా

ఇటువంటి సందర్భంలో సాంబశివరావు గారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "చెప్పినోళ్ళది ఏ ఊరు? విన్నోళ్ళది ఏ ఊరు?" కొత్తలో నాకు అది ఊసుపోక అడిగే ప్రశ్నలా అనిపించేది. అందులో శాస్త్రం ఉందని తర్వాత గ్రహించాను.

తెలుగులో ట వేరు, త వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మనవాళ్ళు 'ట'కు టి, 'త'కు టి హెచ్ వాడతారు. ఇది మన అలవాటు; ఉత్తరాదివారు ఆ హెచ్ పెట్టరు. అయితే మన దగ్గర కూడా ఊళ్ళ పేర్లు ఈ నియమాన్ని ఎప్పుడూ పాటించవు. రెంటచింతల అనే పేరును ఇంగ్లీషులో చూడండి. అందులో ట ఉంది, త ఉంది. రెంటినీ ఒకే విధంగా, హెచ్ లేకుండా రాస్తారు. ఆ ఊళ్ళో పుట్టి, బడిలో, బస్సు మీద, సర్టిఫికెట్ల మీద ఆ పేరు చూస్తూ పెరిగినవారికి 'చింత' అనే శబ్దం వినగానే హెచ్ లేని రూపమే చేతికి వస్తుంది. అదే శబ్దాన్ని నరసరావుపేటవాళ్ళు హెచ్ పెట్టి రాస్తారు.

ఆసుపత్రి పేరు నిశ్చింత. కొట్టినవారిది రెంటచింతల.

"ఫోనులో ఆమె ఏమన్నదో అదే మాటల్లో చెప్పమ్మా," అని లూర్దును అడిగాను. "నువ్వు కొట్టింది కాదు, ఆమె పలికింది."

"నిశ్చింత, గీత, కేర్ అని చెప్పింది మేడం. తర్వాత డాట్ చెప్పింది. నేను రెండుసార్లు అడిగా."

నిశ్చింత, హైఫన్, కేర్. మా ప్రాంతంలో ఫోనులో ఎవరూ హైఫన్ అనరు, గీత అంటారు. నెట్ సెంటరు అతను కూడా అట్లాగే కొట్టాడు. తేడా హెచ్ దగ్గరే ఉండాలి. మస్తాన్ వలి నిశ్చింతలో టి పక్కన హెచ్ చేర్చి, గీత అట్లాగే ఉంచి, మీట నొక్కాడు.

పేజీ తెరుచుకుంది.

ఇన్నారెడ్డి కుర్చీలోంచి లేచాడు. "అద్దీ. ఒక్క అక్షరానికి రెండు బస్సులెక్కించారు గదా ఎదవలు. కొట్టమ్మా లూర్దూ, అన్నీ కొట్టు."

తెరమీద నవ్వుతున్న నర్సుల బొమ్మ, దాని కింద 'నర్సింగ్ ఉద్యోగాలు', 'వెంటనే దరఖాస్తు చేయండి' అని ఇంగ్లీషులో రెండు మీటలు. మీట నొక్కితే పేరు, ఫోను, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అడుగుతూ ఒక ఫారం. లూర్దు కవరులోంచి ఆధార్ కార్డు తీసింది. కీబోర్డు నా వైపుకు జరుపుకున్నాను.

"ఆగమ్మా. ఇది మీ ఆసుపత్రేనని ఎట్లా తెలుసు?"

"తెరుచుకుందిగా మేడం, ఇంకేంది?" అన్నాడు ఇన్నారెడ్డి.

"తెరుచుకున్న తలుపల్లా మన చుట్టాలది కాదు ఇన్నారెడ్డి గారూ. ఇందులో ఊరి పేరుందా? డాక్టరు పేరుందా? మీకు ఫోన్ చేసిన ఆమె నంబరుందా? ఉద్యోగానికి ఎంపికైన అమ్మాయిని మళ్ళీ దరఖాస్తు ఎందుకు చేయమంటారు?"

ఈ విషయంలో మీరు చాలా గట్టిగా ఉండాలి. ఎవరూ వాడని పేర్లను, జనం పొరపాటున కొట్టే పేర్లను ముందే కొనిపెట్టుకునేవాళ్ళు ఉంటారు. కొందరు అక్కడ ప్రకటనలు మాత్రమే పెడతారు. మరికొందరు వచ్చినవారి వివరాలు దండుకుంటారు. తెరుచుకోని చిరునామా మనిషిని విసిగిస్తుంది, అంతకు మించి ఏమీ చేయలేదు. తెరుచుకున్న తప్పు చిరునామా వల్ల జరిగే నష్టం నేను కళ్ళారా చూశాను. ఆ పేజీ ఏ కోవకు చెందిందో నాకు ఆనాడు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. అది ఆసుపత్రిదని రుజువు లేదు, అంతే చాలు.

"టైము పోతంది మేడం," ఇన్నారెడ్డి గొంతు పెరిగింది. "మీకేం, మీరు కుర్చీలో కూర్చుని ఇది కాదు అది కాదు అంటారు. పోయేది మా పిల్లది. ఆధార్‌దేముంది, ఊరంతా ఇచ్చాం. కొట్టవే లూర్దూ."

లూర్దు తండ్రి వైపు చూసింది, తెర వైపు చూసింది. ఆధార్ కార్డును మళ్ళీ కవరులో పెట్టింది.

"వాళ్ళు నన్ను తెలుగులో మాట్లాడించారు నాన్నా. ఇంటర్వ్యూ అంతా తెలుగులోనే. దీంట్లో ఒక్క ముక్క తెలుగు లేదు. ముందు ఆమెకి ఫోన్ చేద్దాం."

ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం. సెక్యూరిటీ అతను ఎత్తి, ఆఫీసువాళ్ళు భోజనానికి పోయారని చెప్పి పెట్టేశాడు.

భోజన విరామంలో చెప్పిన రెండు గీతల కథ

ఆ వ్యవధిలో మా గోడమీది పలక ఇన్నారెడ్డి కంటబడింది. రంగు వెలసిన అట్ట మీద సాంబశివరావు గారి దస్తూరీలో ఇట్లా ఉంటుంది: *గీత అనగా హైఫన్. ఆడమనిషి కాదు.*

"ఇదేంది మేడం?" అన్నాడు, కోపంలోనే.

మస్తాన్ వలికి ఆ కథ చెప్పడం ఇష్టం. బొల్లాపల్లి నుంచి ఒక విత్తనాల దుకాణదారు ఫోన్ చేసి, ఫలానా సైటు రావడం లేదన్నాడు. సాంబశివరావు గారు చిరునామా చెబుతూ "అక్కడ గీత పెట్టు" అన్నారు.

"పెట్టా సార్. రాలేదు."

"గీత పెట్టావా?"

"జి, డబుల్ ఇ, టి హెచ్, ఎ. పెట్టా సార్. మా మరదలు పేరు కూడా అదే, నాకు స్పెల్లింగు తెలవదా?"

సాంబశివరావు గారు రిసీవరు పక్కన పెట్టి అట్టముక్క ఒకటి అందుకున్నారట. ఆ తర్వాత ఆ పలక రాసి గోడకు కొట్టారు. అప్పటినుంచి మా కార్యాలయంలో అది నియమం.

ఇన్నారెడ్డి నవ్వలేదు కాని, కూర్చున్నాడు.

రెండవది నా అనుభవం. గురజాలలో ఒక రైతు సంఘంవాళ్ళు కరపత్రం వేయించారు. అందులో సైటు చిరునామా పొడవుగా ఉండి, వరుస చివర ఇమడక రెండు ముక్కలైంది. ప్రెస్సు యజమాని విరిగిన చోట ఒక గీత పెట్టాడు. కరపత్రం చూసి కొట్టినవారికెవరికీ ఆ సైటు రాలేదు. నేను వెళ్ళి ఆ గీత తీసేయమన్నాను.

"పదం విరిగితే గీత పెట్టకపోతే చదివేవాడికి ఎట్టా తెలిసిద్ది మేడం?" అన్నాడాయన. "మా నాయన కాడ నేర్చుకున్నా. అది లేకపోతే అచ్చుతప్పంటారు."

ఆయన వృత్తిధర్మం ప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా వృత్తిలో అదే తప్పు. ఒకరి పనిలో మర్యాద అయినది మరొకరి పనిలో దోషమవుతుంది. కరపత్రం మీద చిరునామా విరిగితే ఆ విరుపు దగ్గరున్న గీతను తీసి ఒకసారి, ఉంచి ఒకసారి చూడండి. వాక్యం చివరి చుక్కను కూడా చిరునామాలో భాగంగా కొట్టేవారుంటారు. ఆ చుక్క పేరుకు చివర పడితే సాధారణంగా ప్రమాదం లేదు. పేరు తర్వాత ఏటవాలు గీత (స్లాష్), దాని వెనక పేజీ పేరు ఉండి, దాని చివర చుక్క పడితే మాత్రం పేజీ దొరకదు. అలాగే కింది గీత, అంటే అండర్‌స్కోర్, అని ఎవరైనా చెబితే, అది సైటు పేరులో ఉండే వీలు లేదు. పేరు తర్వాతి భాగంలోనే వెతకండి. పేరులో పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా ఒకటే. పేజీ దగ్గరికి వచ్చేసరికి వేరు కావచ్చు.

ఇవన్నీ చెబుతూ ఉండగా లూర్దు అడిగింది: "మరి ఆమె చెప్పింది ఏ గీత మేడం? పై గీతా, కింది గీతా?"

"ఆమెనే అడుగుదాం," అన్నాను.

వెనక నుంచి

చిరునామాను ఫోనులో మళ్ళీ చెప్పమని ఎన్నడూ అడగవద్దు. అడిగితే మనిషి అదే మాటను అదే విధంగా, ఇంకాస్త గట్టిగా చెబుతాడు. విన్నవాడు అదే తప్పును ఇంకాస్త నమ్మకంగా రాసుకుంటాడు. సాంబశివరావు గారి పద్ధతి వేరు. చిరునామాను కళ్ళ ముందు పెట్టుకుని, చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా, ఒక్కొక్కటే చదవమనేవారు. ముందు నుంచి చదివేటప్పుడు మనం పదాలు చదువుతాం. పదం తెలిసినదైతే కన్ను అక్షరాల మీదుగా దాటిపోతుంది. వెనక నుంచి చదివితే పదమే ఉండదు. ఉన్న అక్షరం చదవక తప్పదు. నా ఉద్యోగంలో ఇంతకంటె నమ్మదగిన పనిముట్టు నాకు దొరకలేదు.

ఈసారి గుమాస్తా ఫోను ఎత్తింది. ఆమె పేరు సుశీల. స్పీకరు పెట్టి సంగతి చెప్పాను.

"నిన్ననే చెప్పానండి ఆ అమ్మాయికి. నిశ్చింత, గీత..."

"అట్లా వద్దమ్మా. మీ కంప్యూటరులో ఆ సైటు తెరిచి, పైన కనబడే పేరును చుక్క దగ్గర నుంచి వెనక్కి, ఒక్కొక్క అక్షరం చదవండి."

"వెనక్కి చదవటమేందండీ? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"నవ్వితే నా పేరు చెప్పండి. ఒక అమ్మాయి ఉద్యోగం దీని మీద ఉంది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. మస్తాన్ వలి కాగితం తీసుకున్నాడు. "ఉర్దూ రాసినట్టు కుడి నుంచి రాస్తా మేడం, అయిపోయేసరికి సరిగ్గా వచ్చిద్ది," అన్నాడు.

"ఇ. ఆర్. ఎ. సి," అంది సుశీల.

కేర్ వచ్చేసింది. దాని పక్కన మస్తాన్ వలి అప్పటికే ఒక హైఫన్ గీసి, నిశ్చింత చివరి అక్షరం కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఎ. హెచ్. టి."

నిశ్చింతకు హెచ్ ఉందని తల ఊపాను.

"ఇ. ఇంకో ఇ."

మస్తాన్ వలి కలం ఆగింది. నిశ్చింతలో అక్కడ ఎన్ రావాలి.

"అమ్మా, ఆగండి. గీత చదవలేదు మీరు," అన్నాను.

"అదేగా చదువుతున్నా. ఎ, హెచ్, టి, డబుల్ ఇ, జి. గీత."

మస్తాన్ వలి తాను గీసిన హైఫన్‌ను చూశాడు, తర్వాత గోడమీది పలకను చూశాడు.

"అంటే గీత మనిషి పేరా?" అన్నాను.

"మా పెద్ద డాక్టరు గారి అమ్మగారండి, గీతమ్మ గారు. ఆమె జ్ఞాపకంగానే ఆసుపత్రి పెట్టారు. బోర్డు మీద నిశ్చింత అని ఉంటదిగానీ, సైటుకి రెండు పేర్లూ కలిపారు. ఎందుకండీ, మీరేమనుకున్నారు?"

"గీత అనుకున్నాం," అన్నాడు ఇన్నారెడ్డి, ఫోను వైపు వంగి.

తక్కిన అక్షరాలు కూడా వెనక్కి చదివించాను. నిశ్చింతకు హెచ్ ఉంది. మధ్యలో హైఫన్ లేనే లేదు. కొట్టగానే మరొక పేజీ తెరుచుకుంది. పైన తెలుగులో ఆసుపత్రి పేరు, కింద ఒక వృద్ధురాలి ఫోటో, దాని కింద సుశీల ఫోను నంబరు.

"ఈ ఫోటో ఇంటర్వ్యూ గదిలో ఉంది," అంది లూర్దు. ఈసారి కీబోర్డు నేనే ఆమె ముందుకు జరిపాను.

వివరాలు నింపుతుంటే ఊరి పేరు దగ్గర ఆమె చేయి ఆగింది. "మేడం, హెచ్ పెట్టాలా?"

"నీ సర్టిఫికెట్ మీద ఎట్లా ఉంటే అట్లా."

"మా ఊరికి హెచ్ లేదులే, కొట్టమ్మా," అన్నాడు ఇన్నారెడ్డి. "ఆసుపత్రికి ఉంది గదా, ఆడ పెట్టుకుందువుగాని."

పంపిన తర్వాత కూడా నేను వాళ్ళను కదలనివ్వలేదు. తెరమీద కనిపించే ధన్యవాదాలను నమ్మవద్దు; అవతల అందిందో లేదో మనిషి నోట వినండి. మళ్ళీ ఫోన్ చేశాం. "వచ్చిందండి. లూర్దుమేరి, రెంటచింతల. సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. సోమవారం వచ్చి జాయినవమనండి," అంది సుశీల. బయట ఇంకా ఎండగానే ఉంది.

ఇన్నారెడ్డి తువ్వాలు భుజాన వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇందాక నోరు జారా మేడం, మనసులో పెట్టుకోమాకండి. పిల్ల చేతిలో గీత బాగుంటే చాలనుకున్నా ఇన్నాళ్ళు. గీత పలకటం కూడా బాగుండాలని ఇయ్యాలే తెలిసింది."

పలక సంగతి

ఆ సాయంత్రం మస్తాన్ వలి పలక తీసేద్దామా అన్నాడు. వద్దన్నాను. సాంబశివరావు గారి నియమం తప్పు కాదు. అది ఒక తప్పుకు జవాబుగా పుట్టింది, ఆ తప్పు వచ్చినప్పుడల్లా పనిచేసింది. ఆయన గోడమీద రాసింది జవాబు. ఆయన మాకు నేర్పింది ప్రశ్న: చెప్పినోళ్ళది ఏ ఊరు, విన్నోళ్ళది ఏ ఊరు. మేము ఆ రోజు పలకనే చదివి, ప్రశ్నను సగంలో ఆపాం. హెచ్ దగ్గర అడిగాం, గీత దగ్గర అడగలేదు. అందుకే ఆ పలక కింద ఒక్క మాట చేర్చాను: *అడుగు.*

పదవీ విరమణకు కొద్దిగా ముందు బొల్లాపల్లి నుంచి ఒక అమ్మాయి మా కార్యాలయానికి ఫోన్ చేసింది. నిశ్చింత ఆసుపత్రిలో నర్సుగా ఎంపికైందట, సైటు కోసం నెట్ సెంటరుకు వెళితే ఆధార్ నంబరు అడిగే వేరే పేజీ ఏదో వచ్చిందట, ఏమీ నింపకుండా అక్కడి నుంచే ఫోన్ చేస్తోంది. నేను మామూలుగానే మొదలుపెట్టాను.

"చిరునామా నీకు ఎవరు చెప్పారమ్మా?"

"అక్కడ వార్డులో పనిచేసే నర్సక్క మేడం. కొత్తగా సెలెక్టయినోళ్ళకి ఆఫీసువాళ్ళు ఆమె చేతే చెప్పిస్తారంట. రెంటచింతల ఆమె."

"ఏమని చెప్పింది? అదే మాటల్లో చెప్పు."

"అక్షరాలన్నీ వెనక నుంచి చెప్పింది మేడం, చానా నిదానంగా. నేను సరిగ్గానే రాసుకున్నా. మా నెట్ సెంటరాయన చూసి, ఈ పేరేంది మధ్యలో, అని ఆ పేరు తీసేసి హైఫన్ పెట్టాడు."

"ఆయన పెట్టింది తీసెయ్. నువ్వు రాసుకున్నదే కొట్టు."

కాసేపు మీటల చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి గొంతు తేలికైంది.

"వచ్చింది మేడం. ఆ అక్క ముందే చెప్పింది, ఎవురన్నా మారుస్తారు జాగ్రత్త అని. గీత అంటే ఆడమనిషే, హైఫన్ కాదు, అని రెండుసార్లు చెప్పింది."